స్పోర్ట్స్ కారుకు ట్రాక్టర్ వైద్యం

మా పనిలో పొగను చూసి రోగం చెప్పాలి. తెల్ల పొగ వస్తే ఒక లెక్క, నీలం పొగ వస్తే ఇంకో లెక్క. సిద్దిపేటలో నా జీవితమంతా డీజిల్ పంపుల మీదే గడిచింది. ట్రాక్టర్లు, లారీలు, బోర్లు వేసే బండ్లు, వరికోత మిషన్లు, వీటన్నిటిలోనూ ఇంజనుకు డీజిల్‌ను కొలిచి పోసే పంపు ఒకటి ఉంటుంది. దాన్ని ఇంజనుకు గుండె అంటారు గానీ, నన్నడిగితే అది వంటింటి గరిటె. ఎవరికి ఎంత వడ్డించాలో దానికే తెలుసు. ఆ గరిటెను సరిచేయడమే మా బతుకు.

ఇప్పుడు పని మానేశాను. మీలాంటి కుర్ర మెకానిక్కులు అప్పుడప్పుడు ఇంటికొచ్చి కూర్చుంటారు. ల్యాప్‌టాప్ తగిలిస్తే బండి తన రోగం తానే చెప్పుకునే కాలం మీది. "మీరు చేసిన పనులల్ల పెద్దది ఏది సేట్?" అని అడుగుతారు. ఏ పెద్ద లారీ సంగతో చెబుతాననుకుంటారు. నేను చెప్పేది మాత్రం ఎప్పుడూ ఒక చిన్న ఎర్ర కారు సంగతే. అది డీజిల్ బండి కాదు, అసలు మా పనే కాదు. అయినా తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగదు.

మా పంపు రూములో ఇద్దరం భాగస్తులం, నేనూ ఒక భాయ్. ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాం. భాయ్ వేళ్లకు స్ప్రింగు బిగువు తెలిసేది, నా చెవికి ఇంజను మాట తెలిసేది. ఆయనకు చాయ్ పడందే పొద్దు పొడవదు, నాకు ఒకసారి కోపం రాందే పొద్దు గడవదు. ఆ కోపం ఎక్కువగా రైతుల మీదే. బండి గుంజడం లేదంటే చాలు, పంపు ఊడదీసి సంచిలో వేసుకుని "పంపు పోయింది సేట్" అంటూ దిగేవాళ్లు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సగం సార్లు పంపుకు ఏ రోగమూ ఉండేది కాదు. దుమ్ములో దున్నీ దున్నీ గాలి ఫిల్టర్ మూసుకుపోయి ఉండేది. గాలి అందకపోతే పోసిన డీజిల్ కాలదు, బండి నల్లగా పొగ కక్కుతూ నీరసిస్తుంది. చెప్పీ చెప్పీ నోరు నొచ్చి, ఒక రోజు భాయ్ పెయింటు డబ్బా తెచ్చి గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "ముందు ఫిల్టర్ దులుపు. తర్వాతే పంపు." ఆ తర్వాత ఎవరు సంచితో వచ్చినా మేం నోరు తెరవకుండా గోడ చూపించేవాళ్లం.

ఇంకో రకం రైతులూ ఉండేవాళ్లు. వాళ్ల బండ్లు బాగానే ఉంటాయి, కానీ ఇంకా బలం కావాలి. "పక్క చేనోని బండి కంటె మాది జోరుగ గుంజాలె" అంటారు. అప్పుడు పంపు మీద ఒక స్క్రూ తిప్పి డీజిల్ కాస్త ఎక్కువ పోయిస్తాం. లోడు ట్రాలీతో ఎత్తు ఎక్కేటప్పుడు గొట్టంలోంచి నల్లగా ఒక్క దమ్ము వచ్చిందా, రైతు మీసం దువ్వుకుంటాడు. పొగ లేనిదే బలం లేదన్నది భాయ్ మతం. నిజం చెప్పాలంటే నాదీ అదే మతం.

ఆ రోజుల్లో ఊళ్లో డ్రైవింగ్ స్కూలు నడిపే ఒకామె మా దగ్గరికి వచ్చింది. నలభై దాటిన మనిషి, గొంతు గట్టిది. ఊళ్లో స్కూటర్ నడిపే ఆడవాళ్లలో సగం మంది ఆమె శిష్యులే. భాయ్ భార్యకు కూడా ఆమే నేర్పింది. ఆ తర్వాత భాయ్ వెనక సీట్లో కూర్చుని దువా చదువుకుంటూ బజారుకు పోయేవాడు. ఆమె ఆ రోజు స్కూలు కారులో రాలేదు. ఇద్దరు మాత్రమే పట్టే, నేలకు ఆనుకుని ఉన్న పాత జపాన్ స్పోర్ట్స్ కారులో వచ్చింది. హుస్నాబాద్ వైపు ఒక పత్తి మిల్లు యజమాని ఒకప్పుడు ముచ్చటపడి కొని, ముచ్చట తీరాక పత్తి గింజలు తీసే జిన్నింగ్ షెడ్డులో పడేసిన బండి అది. ఆమె దాన్ని బయటికి తెచ్చి, రంగు వేయించి, నడిచేలా చేసుకుంది.

"అన్నా, దీనికి జర బలం పెంచాలె" అంది.

"ఇది పెట్రోల్ బండి చెల్లె. మాది డీజిల్ పని" అన్నాను.

"బోర్డు మీద అన్ని రకాల ఇంజెక్షన్ పనులు చేయబడును అని రాసిన్రు గద. దీంట్ల ఉన్నది గూడ ఇంజెక్షనే."

భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "హౌ, రాసినం. రాసినంక చెయ్యాలె" అన్నాడు.

విషయం ఏమిటంటే, పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు ఏడాదికోసారి కోహెడ దాటాక ఒక గుట్ట దగ్గర కలుస్తారు. గుట్ట మీదికి ఎప్పుడో మూతపడ్డ గ్రానైట్ క్వారీ రోడ్డు ఒకటి ఉంది. ఒక్కో కారును కింది నుంచి పైకి పంపి టైము చూస్తారు. వాళ్లకో నియమం ఉంది. కంపెనీ ఇచ్చిన ఇంజెక్షన్ పద్ధతే ఉండాలి, బయటి కంప్యూటర్ పెట్టకూడదు. ఉన్నదాన్ని ఎంత సానబట్టినా తప్పులేదు.

"పోయిన యేడు నేనే ఆఖరు" అంది ఆమె. "ఆఖరు అంటె నా ఎన్క అంబులెన్స్ ఒక్కటే ఉండె. ఈయేడు గూడ ఆఖరున వస్తె బండి అమ్మేస్త అని మా ఆయనకు మాటిచ్చిన. ఆయన అప్పుడే కొనేటోన్ని సూసి పెట్టిండు."

"అమ్మితె ఏమైతది చెల్లె? స్కూలు కార్లు ఉన్నయి గద."

ఆమె కారు తలుపు మీద చెయ్యి వేసింది. "పొద్దంత పక్క సీట్ల కూసోని బ్రేకు తొక్కు, బ్రేకు తొక్కు అని మొత్తుకుంట అన్నా. దీంట్ల కూసున్నప్పుడే నేను యాక్సిలరేటర్ తొక్కేది."

ఆ మాట పూర్తయ్యేలోపే భాయ్ పానాల డబ్బా తెచ్చాడు.

బానెట్ ఎత్తి చూస్తే ఇద్దరికీ కాస్త ధైర్యం వచ్చింది. పద్ధతి పాతది, కంటికి కనిపించే పద్ధతి. ఇంజను గాలి పీల్చుకునే దారిలో ఒక అల్యూమినియం డబ్బా, అందులో చిన్న రేకు తలుపు. ఎంత గాలి వస్తే తలుపు అంత తెరుచుకుంటుంది. అది తెరుచుకున్నదాన్ని బట్టి ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్ముతాయి. ఆ తలుపును వెనక్కి లాగి ఉంచడానికి డబ్బా పైమూత కింద గడియారంలో ఉండేలాంటి స్ప్రింగు, దానికో పళ్ల చక్రం. చక్రం ఒక పన్ను వదులు చేస్తే తలుపు ఎక్కువ తెరుచుకుంటుంది, పెట్రోల్ ఎక్కువ పడుతుంది. బిగిస్తే తగ్గుతుంది. స్ప్రింగును చూడగానే భాయ్ కళ్లు మెరిశాయి. "అరె దోస్త్, ఇది మన పంపు చెల్లెలే" అన్నాడు.

ఇక ఆగుతామా. ట్రాక్టరుకు చేసే వైద్యమంతా దానికి చేశాం. పెట్రోల్ ప్రెషర్ పెంచాం, చక్రం పళ్లు వదులు చేశాం. స్టార్ట్ చేసి రేజ్ చేస్తే వెనక గొట్టంలోంచి నల్లగా, చిక్కగా పొగ వచ్చింది. మేమిద్దరం కొడుకు పుట్టినంత సంబరపడి చేతులు కలుపుకున్నాం. ఆమెను పిలిచి తాళం ఇచ్చి, నేను పక్క సీట్లో కూర్చున్నాను.

కరీంనగర్ రోడ్డు ఎక్కాక ఆమె యాక్సిలరేటర్ తొక్కింది. కారు దగ్గింది. ఇంకా తొక్కింది. ఇంకా దగ్గింది. మా పక్కనుంచి మిరపకాయ సంచులేసుకున్న ఒక ఆటో దాటిపోయింది. ఆటో డ్రైవర్ తల బయటపెట్టి మా కారును ముద్దుగా చూసి పోయాడు. ఆమె కారును పక్కకు తీసింది. వెనక్కి తిప్పి, పంపు రూము ముందు ఆపి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, "అన్నా, మీరు దీన్ని ట్రాక్టర్ చేసిన్రు" అంది.

మింగలేం, కక్కలేం. భాయ్ మాత్రం ఇంకా పాత పాటే పాడుతున్నాడు. "పొగ మంచిగనే వస్తుంది గద, బలం ఎటు పోయింది?" అంటూ గొట్టం వెనక గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు మా బెంచీ మీద ఒక కోహెడ రైతు ఉన్నాడు. ఆయన పంపు మా టేబుల్ మీద ఉంది. అంతకుముందే నేను ఆయనకు గోడ చూపించి, నాలుగు మాటలతో దులిపేసి ఉన్నాను. ఆయన లేచి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. పొగను చూశాడు, గోడను చూశాడు, తీరిగ్గా బీడీ వెలిగించాడు.

"సేట్, ఫిల్టర్ దులిపిన్రా?" అన్నాడు.

ఆమె పగలబడి నవ్వింది. నా మొహం కందగడ్డ అయింది. భాయ్ పౌరుషంగా లేచి ఫిల్టర్ డబ్బా తెరిచి, లోపలి కాగితం ఫిల్టర్ తీసి రైతు ముక్కు ముందు పట్టాడు. తెల్లగా, కొత్తగా ఉంది. "కొత్తదే యేసిన" అంది ఆమె కూడా. రైతు దమ్ము లాగి, "ఫిల్టర్ కొత్తదే. దానికి గాలి యాడికెళ్లి వస్తుంది?" అన్నాడు.

ఆ డబ్బాకు ముందు ఒక ప్లాస్టిక్ గొట్టం, ముందు చక్రం పైనుండే రేకు లోపలికి పోయి ఉంది. దాన్ని ఊడదీసి చెయ్యి పెట్టాను. మెత్తగా తగిలింది. లాగితే పత్తి వచ్చింది. ఇంకా లాగాను, ఇంకా వచ్చింది. ఏళ్ల తరబడి జిన్నింగ్ షెడ్డులో ఎగిరిన దూదంతా ఆ గొట్టంలో చేరి పరుపులా పేరుకుపోయి ఉంది. పోయిన ఏడాది ఆమె ఆఖరున రావడానికి కారణం అదే. మేం వచ్చి, ఊపిరాడని మనిషికి ఇంకో రెండు ముద్దలు కుక్కినట్టు, దానికి పెట్రోల్ కుక్కాం.

"మంచి పింజె ఉన్నది" అన్నాడు రైతు, దూదిని వేళ్లతో సాగదీసి చూస్తూ. "దుబ్బాకకు పంపుండ్రి, తువ్వాల నేస్తరు."

ఆ రోజు నాకు తలకెక్కిన సంగతి మీకు చెబుతాను, మీకు ఇది ఏ క్లాసులోనో చెప్పే ఉంటారు. డీజిల్ ఇంజనుకు గాలి దారిలో అడ్డు లేకపోతే కావలసినంత అదే పీల్చుకుంటుంది, బలం పెరగాలంటే డీజిల్ పెంచాలి. పెట్రోల్ ఇంజనులో అట్లా కాదు. ముందు గాలి పెరగాలి, దాని వెంట దానికి సరిపడా పెట్రోల్ పోవాలి. గాలిని పెంచకుండా పెట్రోల్ పోస్తే పొగే మిగులుతుంది. ఇన్నేళ్లూ రైతులకు గోడ చూపించిన మేం ఒక్కసారైనా వెనక్కి తిరిగి దాన్ని చదువుకోలేదు.

తర్వాతి పని పండగలా సాగింది. ప్రెషర్ మళ్లీ కంపెనీ లెక్కకు తెచ్చాం. భాయ్ హైదరాబాద్ పాత సామాన్ల బజారుకు పోయి, అదే కంపెనీ పెద్ద కారుది, అదే పద్ధతిది, పెద్ద నోరున్న గాలి డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. దానికి జోడైన పెద్ద ఇంజెక్టర్లు కూడా తెచ్చాడు. గాలి దారి వెడల్పయింది. కానీ పెద్ద ఇంజెక్టర్లు చిమ్మే పెట్రోల్ ఎక్కువైంది. కాబట్టి ఈసారి స్ప్రింగును వదులు చేయడం కాదు, బిగించాలి. భాయ్‌కు అది ప్రాణం మీదికొచ్చింది. బలం కోసం పెట్రోల్ తగ్గించడమా అని గొణుగుతూనే బిగించాడు.

ఎంత బిగించాలో చెప్పే మిషన్ మా దగ్గర లేదు. స్పార్క్ ప్లగ్గులే మా మిషన్. తెల్లవారగానే బైపాస్ రోడ్డు మీద ఆమె కారును ఒక్క ఊపున లాగి, ఇంజను ఆపేసి, పక్కకు దొర్లించేది. నేను ప్లగ్గు విప్పి మొన రంగు చూసేవాణ్ని. మసిలా ఉంటే పెట్రోల్ ఎక్కువ, సున్నంలా తెల్లబడితే తక్కువ. మాకు కావలసింది మధ్యరంగు.

"చాయ్ రంగు రావాలె" అన్నాను.

"ఏ హోటల్ చాయ్?" అని అడిగాడు భాయ్ గంభీరంగా. ఆయన దృష్టిలో అది అసలైన ప్రశ్న.

బస్టాండు పక్క హోటల్ చాయ్ దగ్గర ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఫ్లాస్కులో ఆ చాయే తెచ్చుకుని, గ్లాసులో పోసి, పక్కన ప్లగ్గు పెట్టి చూసేవాళ్లం. ఒక పన్ను బిగించడం, ఒక పరుగు, ఒక గ్లాసు. అలా కొన్ని పొద్దులు గడిచాక ఒక ఉదయం ప్లగ్గూ చాయీ ఒకే రంగులో కనిపించాయి. ఆ పరుగులో కారు ఎంత తేలిగ్గా ముందుకు దూకిందంటే, పక్క సీట్లో ఉన్న నేను తెలియకుండానే కాలితో లేని బ్రేకు తొక్కాను. ఆమె నవ్వుతూ, "తొక్కకు అన్నా, అది నా డ్యూటీ" అంది. సంచిలోంచి నెయిల్ పాలిష్ సీసా తీసి, చక్రం ఆగిన పన్ను మీద ఎర్ర చుక్క పెట్టింది.

గుట్ట రోజు వచ్చింది. ఆదివారం పొద్దున. హైదరాబాద్ నుంచి మెరిసే పాత కార్లు వరుసకట్టాయి. చుట్టుపక్కల ఊళ్ల జనం బండరాళ్లెక్కి కూర్చున్నారు. సిద్దిపేట నుంచి ఆమె శిష్యురాళ్లు స్కూటర్ల మీద గుంపుగా దిగారు. భాయ్ తన భార్య స్కూటర్ వెనకాల కూర్చుని వచ్చి, దిగగానే ఆకాశం వైపు చూసి అల్లాకు శుక్రియా చెప్పుకున్నాడు. ఆమె భర్త కూడా వచ్చాడు, మర్యాదస్తుడు, నెమ్మదైన మనిషి. పక్కనే బండి కొంటానన్నవాడిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. అంత నమ్మకం ఆయనకు.

ఒక్కో కారుకు రెండు పరుగులు, మంచిదాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఆమె మొదటి పరుగుకు జెండా ఊపారు. కారు బయలుదేరింది. సగం గుట్ట ఎక్కిందో లేదో వెనక నల్లగా పొగ లేచింది. దగ్గుతూ, ఈడ్చుకుంటూ పైకి చేరింది. టైము చదివితే మళ్లీ ఆఖరు. కొనేవాడు ఆమె భర్త చెవిలో ఏదో అన్నాడు.

నేను భాయ్ వైపు తిరిగాను. ఆయన తన చెప్పులకేసి చూస్తున్నాడు.

"ఏం జేసినవ్ భాయ్?"

"ఏం లేదు దోస్త్. పొద్దుగాల ఒక్క పన్ను. గుట్ట ఎక్కాలె గద, జర బలానికని."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. తిట్టబోయాను గానీ, ఆయన మొహం చూస్తే తిట్టు రాలేదు. ప్రేమతో ఒక ముద్ద ఎక్కువ పెట్టిన తల్లి మొహంలా ఉంది. కిందికి తిరిగొచ్చిన ఆమెకు సంగతి చెప్పాం. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, అయినా నవ్వింది. "భాయ్, ఇప్పటిదాక నా దగ్గర నేర్సుకున్నోళ్లల్ల నీ అంత మొండోడు లేడు" అంది. భాయ్ మూత తీసి, చక్రాన్ని మళ్లీ ఎర్ర చుక్క దగ్గరికి తెచ్చాడు. తర్వాత స్క్రూడ్రైవర్ తెచ్చి నా జేబులో పెట్టి, "ఇది నీ దగ్గరనే ఉంచు, నన్ను నమ్మకు" అన్నాడు.

రెండో పరుగు. నేను దాన్ని చూడలేదు, కళ్లు మూసుకుని విన్నాను. కింద మొదటి గేరులో మొదలై, మొదటి మలుపు దగ్గర ఒక్కసారి తగ్గి, మళ్లీ పైకి లేచింది ఆ గొంతు. ఎక్కడా తడబడలేదు. ఇంజను కడుపునిండా గాలి పీల్చుకుని పరుగెత్తుతోంది. నా పక్కన భాయ్ కంగారుగా, "దోస్త్, పొగ వస్తలేదు, పొగ వస్తలేదు" అంటున్నాడు.

"రావొద్దు భాయ్" అన్నాను.

టైము చదివారు. ఆఖరు నుంచి మూడోది. ఎంత గెలుపో మీరే చూడండి, మొదటి బహుమతి తీసుకున్నవాడికి కూడా అంత గోల జరగలేదు. శిష్యురాళ్లు స్కూటర్ హారన్లతో గుట్ట మోగించారు. కోహెడ రైతు కూడా ఉన్నాడక్కడ. బండరాయి మీద నిలబడి, తువ్వాల గాలిలో ఊపుతూ, "ఫిల్టర్, ఫిల్టర్" అని అరుస్తున్నాడు. ఎవరికీ అర్థం కాలేదు, మాకు తప్ప.

కొనేవాడు ఇప్పుడు బండిని ఇంకో చూపుతో చూస్తున్నాడు. "గిట్ల ఉరుకుతదని ముందుగాల చెప్పలేదు. నాకే ఇయ్యండి" అని ఆమె భర్తను పట్టుకున్నాడు. ఆయన తలెత్తి పైకి చూశాడు. గుట్ట మీద ఆమె కారు తలుపు తెరిచి నిలబడి, జుట్టంతా రేగిపోయి, రెండు చేతులూ ఊపుతోంది.

"రోజు గొంతు పోయి ఇంటికొస్తది ఈమె" అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఇంత నవ్వుడు నేను సూసి శానా ఏండ్లయింది. అమ్మేది లేదు, మీరు ఏమనుకోవద్దు."

తర్వాతి వారం ఆమె మిఠాయి డబ్బాతో వచ్చింది. మేం చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లి వచ్చేసరికి గోడ ముందు నిలబడి ఉంది. భాయ్ రాసిన "ముందు ఫిల్టర్ దులుపు. తర్వాతే పంపు." కింద, ఎర్ర నెయిల్ పాలిష్‌తో చిన్న అక్షరాల్లో ఇంకో వరుస చేరింది: "సేట్లు గూడ."

ఆ తర్వాత సంచితో వచ్చిన ప్రతి రైతుకూ మేం గోడ చూపిస్తే, వాళ్లు రెండో వరుస మాకు చూపించేవాళ్లు. నేను పని మానేశాను గానీ భాయ్ ఇంకా పంపు రూముకు పోతూనే ఉన్నాడు. ఆ ఎరుపు వెలిసిపోయినప్పుడల్లా భార్య దగ్గర సీసా అడిగి తెచ్చి, అక్షరం అక్షరం తనే మళ్లీ దిద్దుతాడు.